శూన్య వ్యత్యాసం

భ్రమరాంబ గారికి అల్జీమర్స్ అని డాక్టరు తేల్చేనాటికే ఆవిడ వీధిలో సగంమందికి కొత్త వరసలు కలిపేసింది. పాలవాణ్ణి చూడగానే మామగారొచ్చారంటూ కొంగు తలమీదికి లాక్కునేది. గ్యాసు బండ తెచ్చినవాణ్ణి పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషి అనుకుని కుర్చీ వేసి కాఫీ ఇచ్చేది. తమ్ముడు సాంబమూర్తిని మాత్రం ‘సాంబూ’ అని సరిగ్గానే పిలిచేది.

సాంబమూర్తి మున్సిపల్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. చిన్నప్పుడు తల్లి పోతే అతన్ని పెంచింది అక్కే. ఆవిడ కూడా వయసులో ఉండగానే భర్తను పోగొట్టుకుని, కోర్టు వెనక సందులో భోజనాల మెస్సు పెట్టి, ప్లీడర్లకీ గుమాస్తాలకీ వండి వార్చి ఆ సంపాదనతో తమ్ముణ్ణి చదివించింది. ఆవిడ వంటకి ఎంత పేరో నోటికీ అంత పేరు. పప్పులో ఉప్పు చాలలేదన్న సబ్ జడ్జి గారి విస్తట్లో ఉప్పు డబ్బా మొత్తం బోర్లించిందని పాత ప్లీడర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

జిల్లా ఆసుపత్రిలో మంగళవారాలు స్మృతి క్లినిక్ అని ఒకటి నడిచేది. అక్కడ ఉన్నవి రెండే మందులు. ఒకటి తెల్లమాత్ర. అది జబ్బుని నయం చెయ్యదు గానీ, మొదట్లోనే వేస్తే కొంతమందికి జ్ఞాపకం జారిపోవడం కొన్నాళ్లపాటు నెమ్మదిస్తుంది. రెండోది పచ్చమాత్ర. అది మనిషిని మంచానికి అంటిస్తుంది. ఎవరికి ఏది రాయాలో తేల్చుకోవడానికి డాక్టరు అడిగే ప్రశ్న కూడా ఒకటే. “ఏమిటి ఇబ్బంది?” అది కూడా రోగిని కాదు, వెంట వచ్చినవాళ్లని.

పక్కింటి ప్లీడరు నరహరి గారిని తీసుకువెళ్లిన ఆయన భార్య వైదేహమ్మ, “పార్టీల పేర్లు మర్చిపోతున్నారండీ, పాపం చాలా బాధపడుతున్నారు” అంది. ఆయనకి తెల్లమాత్ర రాశారు. సాంబమూర్తి ఉన్నదున్నట్టు, “తెల్లారకముందే లేచి వందమందికి ఎసరు పెడతానంటోందండీ, వద్దంటే తిడుతోంది” అన్నాడు. భ్రమరాంబ గారికి పచ్చమాత్ర రాశారు. క్లినిక్‌కి వచ్చే మగవాళ్లందరిదీ మతిమరుపు, ఆడవాళ్లందరిదీ అల్లరి. మందులు కూడా ఆ ప్రకారమే పంచుకుపోయాయి.

నరహరి గారు రోజూ పేపరు చదివి, మధ్యాహ్నం భార్యతో పేకాడి, వారానికోసారి నల్లకోటు తొడుక్కుని ఇంటి గేటు ముందు వాదించేవారు. గేటు మీద కేసు గెలిచి లోపలికొచ్చి మజ్జిగ తాగేవారు. భ్రమరాంబ గారు మాత్రం మధ్యాహ్నం దాకా లేచేది కాదు. లేచినా గోడకి చేరగిలబడి, నోటి చివర చొంగ తుడుచుకోవడం కూడా తెలియకుండా కూర్చునేది. ఆవిడ తిట్టి ఎన్నాళ్లయిందో సాంబమూర్తికి గుర్తులేదు. ఆ తిట్లకోసం చెవి కోసుకునే రోజొకటి వస్తుందని అతనెన్నడూ అనుకోలేదు.

ఇలా ఉండగా, ఎక్కడి పరిశోధకులో ఊరూరూ తిరిగి ఈ జబ్బువాళ్లలో ఎవరికి ఏ మందు అందుతోందో లెక్క తీశారు. మగవాళ్లకి తెల్లమాత్రలు, ఆడవాళ్లకి పచ్చమాత్రలు అని తేలింది. చదువుకున్నవాళ్లకి ఎక్కువ, చదువు లేనివాళ్లకి తక్కువ అని తేలింది. వయసు మీరేకొద్దీ పట్టించుకునేవాళ్లు తగ్గుతారని కూడా తేలింది. ఆ లెక్క పేపర్లో పడింది. ఇన్నాళ్లూ జరిగినదానికి రాని కోపం ప్రభుత్వానికి అది అచ్చయ్యేసరికి వచ్చింది. వారం తిరక్కుండా ‘వ్యత్యాస నిర్మూలన మిషన్’ పుట్టింది. జిల్లాకొక ప్రత్యేకాధికారిని వేశారు. ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా వ్యత్యాసం సున్నాకి రావాలన్నారు.

పేపరు చూసి సాంబమూర్తి సంతోషించాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆసుపత్రి మేడమీద మిషన్ ఆఫీసుకి వెళ్లాడు.

ప్రత్యేకాధికారి చిదానందం గారు చదువుకి డాక్టరే గానీ రోగిని ముట్టుకుని చాలా కాలమైంది. వెనక గోడకి ఒక పెద్ద పటం. అందులో ఒక నీలిగీత పైన, ఒక గులాబిగీత కింద ఉన్నాయి.

“మా అక్కకి కూడా తెల్లమాత్ర ఇప్పిస్తారని వచ్చానండి” అన్నాడు సాంబమూర్తి.

చిదానందం గారు జాలిగా నవ్వారు. “మాస్టారూ, మీరు వ్యక్తిగత స్థాయిలో ఆలోచిస్తున్నారు. మిషన్ సమగ్ర దృక్పథంతో ముందుకు పోతుంది. మా కార్యక్షేత్రం మాత్ర కాదు, వ్యత్యాసం. ఈ నీలిగీత పురుష లబ్ధిదారులు. ఈ గులాబిగీత మహిళా లబ్ధిదారులు. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీ చూశారా, అదీ సామాజిక కళంకం.”

“ఆడవాళ్లకి కూడా ఇస్తే ఆ ఖాళీ పోతుంది కదండీ.”

“అది ఒక మార్గం. దానికి మరిన్ని మాత్రలు కావాలని పై ఆఫీసుకి ఇండెంటు పోవాలి. అక్కణ్ణుంచి ఆర్థిక శాఖ అనుమతి, తరవాత టెండరు, టెండరు మీద కోర్టు కేసు. రెండో మార్గానికి నా సంతకం చాలు.”

రెండో మార్గమేమిటో సాంబమూర్తికి తరవాతి మంగళవారం తెలిసింది. మగవాళ్లకి తెల్లమాత్ర ఆపేశారు. మేడమీద పటంలో నీలిగీత దిగివచ్చి గులాబిగీతని ముద్దుపెట్టుకుంది. చిదానందం గారు ఆ పటాన్ని ఫొటో తీయించి రాజధానికి పంపారు. అభినందన వచ్చింది.

నెలా రెండు నెలల్లో నరహరి గారు పేపరు తలకిందులుగా పట్టుకోసాగారు. పేకముక్కలు చేతికిస్తే ఎవరికి పంచాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. వైదేహమ్మ బయట మెడికల్ షాపులో అడిగింది. మిషన్ జాబితాలో పేరున్నవాళ్లకి ప్రభుత్వ డాక్టరు చీటీ కావాలన్నారు వాళ్లు. ప్రభుత్వ డాక్టరు, సమానత్వం దెబ్బతింటుందని చీటీ ఇవ్వనన్నాడు.

“మీ అక్కగారికి రావాలని కోరుకున్నాం గానీ, మా ఆయనకి పోవాలని ఎవరడిగారన్నయ్యగారూ” అంది వైదేహమ్మ పిట్టగోడ మీంచి.



తెల్లమాత్ర సంగతి తేలిపోయాక మిషన్ దృష్టి పచ్చమాత్ర మీద పడింది. అక్కడ గులాబిగీత మీదా, నీలిగీత కిందా ఉన్నాయి. ఆడవాళ్లకి తగ్గిస్తే సరిపోయేదే. కానీ గోడౌనులో పచ్చమాత్రలు గుట్టలు పడి ఉన్నాయి, గడువు తేదీ దగ్గరికొచ్చింది, వాడకపోతే ఆడిట్ అభ్యంతరం. అందువల్ల ఈసారి న్యాయం పై నుంచి కిందికి కాకుండా కింది నుంచి పైకి జరిగింది. మగవాళ్లకీ పచ్చమాత్ర మొదలుపెట్టారు.

“మావారు అల్లరి చెయ్యరండీ. గేటుతో వాదిస్తారు, అంతే” అని మొత్తుకుంది వైదేహమ్మ.

“ఆయన అల్లరి చేస్తున్నారని మేమూ అనడం లేదమ్మా” అన్నారు చిదానందం గారు. “పురుషుడన్న ఒకే ఒక్క కారణంతో ఆయన్ని నిద్రకి దూరం చెయ్యడం వివక్ష అవుతుంది.”

గేటు మీద కేసులు ఆగిపోయాయి. గోడకి ఇటు భ్రమరాంబ గారు, అటు నరహరి గారు, చెరో కుర్చీలో మెడలు వాల్చి నిద్రపోతుంటే పోస్టుమాను ఇద్దరిలో ఎవరిని లేపి సంతకం పెట్టించుకోవాలో తెలియక ఉత్తరాలు గేటు మీంచి విసిరేసి పోయేవాడు.

ఇక చదువు వంతు వచ్చింది. క్లినిక్‌కి వచ్చేవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ గనక పటంలో వాళ్ల గీత ఇంకా మీదే ఉంది. చిదానందం గారు దీని మీద చాలా రోజులు ఆలోచించారు. చివరికి తళుక్కుమని ఒక సంగతి తట్టింది. లబ్ధిదారుల విద్యార్హతలన్నీ ఎప్పుడో యాభై అరవై ఏళ్ల కిందటివి. ఇంత పాత సమాచారం మీద ఆధారపడి పాలన సాగించడం శాస్త్రీయం కాదు. ఈనాటికి ఎవరికెంత చదువొచ్చో తాజాగా నిర్ధారించాలి.

ఆసుపత్రి హాల్లో పరీక్ష పెట్టారు. గణాంకాధికారి జలజాక్షి గారు ఒక్కొక్కరి చేతికి పలక ఇచ్చి పేరు రాయమంది. నరహరి గారు బలపం పట్టుకున్నారు, ఒక గీత గీశారు, ఆ గీత మీదే తల వాల్చి నిద్రపోయారు.

“నిరక్షరాస్యులు” అంది జలజాక్షి గారు.

వైదేహమ్మ సంచిలోంచి చుట్టచుట్టిన బి.ఎల్. పట్టా తీసి బల్ల మీద పరిచింది. “ముప్ఫై ఏళ్లు ప్రాక్టీసు చేశారండీ.”

చిదానందం గారు పట్టాని గౌరవంగా చూసి గౌరవంగా చుట్టి ఇచ్చేశారు. “ఇది గతమమ్మా. మిషన్ వర్తమానంలో పనిచేస్తుంది. ఈ రోజున మీవారికి అక్షరం ముక్క రాదు. దిగులుపడకండి, వయోజన విద్యలో చేర్పించే ఏర్పాటు చేస్తాం.”

భ్రమరాంబ గారు పలకని విస్తరనుకుని చుట్టూ నీళ్లు చల్లినట్టు చెయ్యి తిప్పింది. ఆవిడా నిరక్షరాస్యురాలే. సాయంత్రానికి జిల్లాలో చదువుకున్న రోగి అంటూ ఎవరూ మిగల్లేదు. పుట్టి బుద్ధెరిగి బడి మొహం చూడని ఒక గొర్రెలవాళ్ల ముసలమ్మ మాత్రం, వేలిముద్ర వెయ్యమంటే ఎవరో నేర్పిన సంతకం చక్కగా పెట్టి అందరినీ ఇరకాటంలో పెట్టింది. ఆమెను వచ్చే మంగళవారం పచ్చమాత్ర వేసుకుని మళ్లీ రమ్మన్నారు.

వయసు విషయం వచ్చేసరికి రాజధానిలో కొత్త గాలి వీచింది. రోగి గొంతుకే ప్రథమ స్థానం అన్న నినాదం అక్కడ అందరి నోళ్లలోనూ నానుతోంది. రోగి గురించి బంధువులు చెప్పేది చెల్లదు, రోగి చెప్పుకున్నదే ప్రమాణం అని సర్క్యులర్ వచ్చింది. చిదానందం గారికి అది వరమైంది. ఎవరి వయసు వారే చెప్పుకుంటే ముసలివాళ్లకి తక్కువ అందుతోందన్న మాటే ఉండదు.

“అమ్మా, మీ వయసెంత?” అని అడిగింది జలజాక్షి గారు. ఆ రోజు సాంబమూర్తి కావాలనే పచ్చమాత్ర ఒక పూట మానిపించి తీసుకొచ్చాడు. అక్క మొహంలో కాస్త కళ ఉంది.

“పదహారు” అంది భ్రమరాంబ గారు. “మొన్న శ్రావణంలోనే వచ్చాయి.”

“పెళ్లయిందా?”

“ఇంకా లేదు. చూస్తున్నారు.” సిగ్గుపడి సాంబమూర్తి వెనక్కి జరిగింది.

“డెబ్భై ఎనిమిదండీ. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద” అన్నాడు సాంబమూర్తి.

“రోగి గొంతు నొక్కకండి మాస్టారూ” అంది జలజాక్షి గారు. పదహారు అని కంప్యూటర్‌లో కొట్టేసింది.

కంప్యూటర్ తన పని తను చేసింది. పదహారేళ్ల అవివాహిత కనుక కిశోర బాలికల పథకం కింద ఐరన్ మాత్రలు వచ్చాయి. ఎదిగే వయసులో పాటించాల్సిన జాగ్రత్తలని బొమ్మల పుస్తకం వచ్చింది. ఆ తరవాత సాంబమూర్తి పేర విద్యాశాఖ నోటీసు వచ్చింది. మీ సంరక్షణలో ఉన్న బాలికను బడి మాన్పించి ఇంటిపనికి ఉంచుకున్నట్లు మా దృష్టికి వచ్చినది, తగు సంజాయిషీ ఇవ్వగలరు.

ముప్ఫై నాలుగేళ్లు పిల్లల చేత కుండలూ మామిడాకులూ గీయించిన సాంబమూర్తి ఆ నోటీసు పట్టుకుని మళ్లీ మేడెక్కాడు. “పదహారేళ్ల పిల్లయితే ఆ పచ్చమాత్రయినా మానిపించండి. చిన్నపిల్లలకి ఇవ్వకూడదని డబ్బా మీదే ఉంది.”

చిదానందం గారు ఆ సంగతి ముందే ఆలోచించి ఉంచారు. “ఐరన్ మాత్ర బాలిక అనే హోదాలో. పచ్చమాత్ర మహిళ అనే హోదాలో. రెండు హోదాలూ వేరు. మీరు మాత్రం బడి సంగతి తొందరగా చూసుకోండి, అది మా చేతిలో లేదు.”

సాంబమూర్తి మెట్లు దిగుతూ నోటీసుని నాలుగు ముక్కలు చేశాడు. చింపాక భయం వేసింది. ప్రభుత్వ కాగితం చించడం అతని జన్మలో అదే మొదలు.

ఆ వారంలోనే నరహరి గారు పడ్డారు. తెల్లవారుఝామున దొడ్డికి వెళ్లబోయి, మత్తులో కాళ్లు నిలవక గడప మీద బోర్లా పడిపోయారు. తుంటి విరిగింది. అదే జిల్లా ఆసుపత్రిలో కింది వార్డులో కొన్నాళ్లుండి, ఊపిరితిత్తులకి నిమ్ముచేసి పోయారు.

సాంబమూర్తి అక్కని కుర్చీలో కూర్చోబెట్టి తలుపు దగ్గరకేసి పక్కింటికి వెళ్లాడు. వైదేహమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. “చివరి నెల నన్ను గుర్తుపట్టలేదన్నయ్యగారూ” అంది. “ఎట్లా పడతారు? కళ్లు తెరిస్తే కదా.”

అతను ఆవిడకి కాస్త దూరంలో నేల మీద కూర్చున్నాడు. నల్లకోటు ఇంకా వంకీకి వేలాడుతోంది. తన అక్కకి దక్కనిదాన్ని అడగబోయి ఈ మనిషికి ఉన్నదాన్ని పోగొట్టానా అని అతనికి అనిపించింది. అది నిజం కాదని తెలుసు.  ఆ తరవాత వచ్చింది ఒళ్లు మండిపోయే కోపం.

సరిగ్గా అప్పుడు చిదానందం గారు పూలదండతో వచ్చారు. దండ వేసి, నమస్కారం చేసి, కళ్లు ఒత్తుకుని, సాంబమూర్తిని అరుగు మీదికి పిలిచారు.

“తీరని లోటు” అన్నారు. “లబ్ధిదారుల్లో స్త్రీపురుషులు సరిసమానంగా ఉన్నారు. ఇప్పుడు పురుషుల్లో ఒకరు తగ్గారు. వచ్చే నెల మంత్రిగారు వచ్చి మన జిల్లాని శూన్య వ్యత్యాస జిల్లాగా ప్రకటించబోతున్నారు. ఈ ఒక్క సంఖ్య దగ్గర దెబ్బతింటాం.” గొంతు తగ్గించారు. “మీరు చేరకూడదూ?”

“నేనా? నాకేం జబ్బు?”

“ఆ మాట ఈ జబ్బున్న వాళ్లందరూ అంటారు మాస్టారూ.”

“నాకు అన్నీ గుర్తున్నాయండీ. మీ పేరు గుర్తుంది, మొదటిసారి వచ్చినప్పుడు మీరు నాతో అన్న ప్రతి మాటా గుర్తుంది.”

“పాత సంగతులు బాగా గుర్తుండటం తొలి లక్షణాల్లో ఒకటి” అన్నారు చిదానందం గారు ఆశగా.

 లోపల్నుంచి వైదేహమ్మ ఏడుపు వినిపిస్తోంది.

“ఒక మగవాడు తగ్గాడు కాబట్టి ఒక ఆడమనిషిని తగ్గిస్తే మీ లెక్క సరిపోతుందా?” అని అడిగాడు.

“సంఖ్యాపరంగా సరిపోతుంది.”

“మా అక్కని తగ్గించండి.”

చిదానందం గారి మొహం విప్పారింది. మందు ఇవ్వడానికి ఇండెంటూ టెండరూ కావాలి గానీ పేరు కొట్టెయ్యడానికి కలమే కావాలి. కారులోంచి జలజాక్షి గారిని కంప్యూటర్‌తో సహా దింపించి, చావింటి అరుగు మీదే ఆ పని పూర్తిచేశారు. మిషన్ పెట్టినప్పట్నుంచీ అడిగిన పని అడిగిన రోజే జరగడం అదొక్కసారే.

పక్క ఊళ్లో మెహరున్నీసా అనే ప్రైవేటు డాక్టరమ్మ ఉందని సాంబమూర్తి విన్నాడు. జాబితాలో పేరు లేదు గనక ఇక ఆవిడ చీటీ చెల్లుతుంది. అక్కని బస్సులో తీసుకువెళ్లాడు. ఆవిడ వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి, అతన్ని కాకుండా భ్రమరాంబ గారినే అడిగింది.

“ఏం చేసేవారమ్మా మీరు?”

భ్రమరాంబ గారు చాలాసేపు ఆలోచించింది. “వండేదాన్ని” అంది.

డాక్టరమ్మ పచ్చమాత్రని ఒక్కసారిగా ఆపకుండా, విరిచి సగం, తరవాత పావు, ఆ తరవాత పూర్తిగా మానెయ్యమని చెప్పింది. తెల్లమాత్ర మొదలుపెడదాం అంది. చీటీ రాస్తూ, “ఏడాది ముందు తెచ్చి ఉంటే ఇంకాస్త మిగిలేది బాబాయిగారూ. ఇప్పుడు ఎంత నిలబడుతుందో చెప్పలేను” అంది.

“తెచ్చానమ్మా” అన్నాడు సాంబమూర్తి. “ఇక్కడికి కాదు.”

పచ్చమాత్ర పావుకి దిగిన వారం భ్రమరాంబ గారు తన అన్నం తనే కలుపుకుంది. పూర్తిగా మానేసిన వారం తెల్లారకముందే లేచి గిన్నెలు బోర్లిస్తుంటే సాంబమూర్తి మేలుకుని, గ్యాసు కట్టేసి, ఆవిడ పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. “కూర్చోడానికొచ్చావా, కూరలు తరగడానికొచ్చావా?” అని కసిరింది ఆవిడ. అతను బెండకాయలు ముందేసుకున్నాడు. సాంబూ అని మాత్రం పిలవలేదు. ఎవరో పనికుర్రాడనుకుంది.

నెల తిరిగాక మళ్లీ డాక్టరమ్మకి చూపించి వస్తుంటే ఊళ్లోకి రాగానే బస్సు ఆగిపోయింది. స్టేడియం ముందు కార్లూ పోలీసులూ. లోపల షామియానా. మంత్రిగారి ఉపన్యాసం మైకులో రోడ్డంతా వినిపిస్తోంది.

“మన జిల్లాలో ఈ రోజున ధనికుడికీ పేదకీ, పండితుడికీ పామరుడికీ, స్త్రీకీ పురుషునికీ మందుల విషయంలో వెంట్రుకవాసి తేడా లేదని సగర్వంగా మనవి చేస్తున్నాను.”

కిటికీ పక్కన కూర్చున్న భ్రమరాంబ గారు చెవి పెట్టి వింది. “ఎవరా అరిచేది?”

“మంత్రిగారక్కా.”

“ఏమంటాడు?”

“అందర్నీ సమానం చేశామంటున్నాడు.”

“ఎవరితో?” అంది ఆవిడ.

అతను చెప్పబోయేలోగా ఆవిడ చూపు రోడ్డు పక్కకి మళ్లింది. “వేరుశనక్కాయలు కావాలి” అంది.

బస్సు ఇప్పట్లో కదిలేలా లేదు. సాంబమూర్తి దిగి స్టేడియం గేటు దగ్గరున్న బండి దగ్గరికి వెళ్లాడు. పెనం మీద ఇసకలో కాయలు వేగుతున్నాయి. బండి నిండా కట్టిన పొట్లాలు కట్టినట్టే ఉన్నాయి.

“ఇంత జనం వచ్చారు, నీకు బేరం బాగానే ఉండుండాలే” అన్నాడు.

బండివాడు గరిటె పక్కన పెట్టి లోపలివైపు తల ఊపాడు. “ఏం జనమో బాబుగారూ. పొద్దుట వ్యాన్లలో తోలుకొచ్చి, ఆడాళ్లని ఒకేపు, మొగోళ్లని ఒకేపు వరసల్లో కుర్చీల్లో కూకోబెట్టారు. మీటింగంటే కాయలు నమలాలా, గోల చెయ్యాలా. తొంగి చూద్దును గదా, ఒక్కళ్లూ మేలుకుని లేరండి.”

సాంబమూర్తి రెండు పొట్లాలు కొని, వేడి తగలకుండా జేబురుమాల్లో చుట్టుకుని బస్సెక్కాడు.